ఇచ్చేది ఒక్కరే, నిలవవలసింది ఇంటిల్లిపాదీ

"మందులతో ఇక లాభం లేదు. కిడ్నీ మార్పిడి చేయించుకుంటే మంచిది. ఇంట్లో ఎవరైనా ఇస్తారా?" అని డాక్టరు అడగడం పూర్తికాక ముందే గదిలో వున్నవారి చూపులన్నీ ఒకే మనిషి మీదికి మళ్లుతాయి. చాలాసార్లు ఆ మనిషి రోగి భార్య. భార్య కాకపోతే తల్లి. తల్లి కాకపోతే అక్కో చెల్లెలో. ఎవరూ ఆమెను నోరు విప్పి అడగరు. ఆమె కూడా నోరు విప్పి చెప్పదు. తీర్పు మాత్రం అక్కడే అయిపోతుంది.

శ్రీకాకుళం జిల్లాలో ఈ సన్నివేశం ఎవరికీ కొత్త కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు ముప్పయ్యేళ్లుగా మనుషులను తినేస్తున్నది. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడే ప్రాంతానికి ఈ చీడ ఎందుకు పట్టిందో ఎందరో నిపుణులు వచ్చి పరిశోధించినా అందరూ ఒప్పుకునే కారణం నేటికీ తేలలేదు. వంశధార నీటిని ఇళ్లకు చేర్చే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అవి మంచి పనులే. అయితే జబ్బు ముదిరిపోయిన వాడికి మిగిలే దారులు రెండే. ఒకటి జీవితాంతం డయాలసిస్. రెండోది కిడ్నీ మార్పిడి. ఈ రెండో దారిలో రోగికి తోడు నిలవడం అంటే ఏమిటన్నది ఊరి పెద్దలు, కుటుంబాల వారు కూర్చొని ఆలోచించవలసిన విషయం.

తోడు నిలవడం అనగానే కిడ్నీ ఇవ్వడం ఒక్కటేనని చాలామంది అనుకుంటున్నారు. అందుకే ఆ భారమంతా ఒక్క మనిషి మీద, అదీ ఒక ఆడదాని మీద పడిపోతున్నది. ఆమె ఇచ్చేస్తే మిగిలినవారి పూచీ తీరిపోయినట్టే వుంటున్నది. ఈ ఆలోచన మారితే తప్ప రోగికీ మేలు జరగదు, దాతకూ న్యాయం జరగదు.

లెక్కలు చెప్పే నిజం

దేశంలో 1995 నుంచి 2021 వరకు జరిగిన అవయవ మార్పిడులు 36,640 అని జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్కలు చెబుతున్నాయి. వాటిలో 29 వేలకు పైగా పురుషులకు జరిగాయి. స్త్రీలకు జరిగినవి 6,945 మాత్రమే. బతికి వుండి అవయవం ఇచ్చేవారిలో మాత్రం ఎక్కువమంది స్త్రీలే. అంటే ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆడది ముందు, పుచ్చుకోవలసి వచ్చినప్పుడు ఆడది వెనుక. జబ్బు ఆడా మగా చూడదు గనుక ఈ తేడా ఇళ్లలో నుంచే వచ్చినదని వేరే చెప్పనక్కరలేదు.

సంపాదించే మగవాడు పడిపోతే ఇల్లే కూలిపోతుంది కదా అని కొందరు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని పలాసలో జీడిపిక్కలు వలిచి, పొలంలో నాట్లు వేసి, ఇంటి చాకిరీ అంతా చేసే ఇల్లాలు సంపాదించనిది ఎలా అయింది? ఆమెకు నెలనెలా చేతికి వచ్చే జీతం కనిపించకపోవచ్చు. ఆమె పది రోజులు మంచాన పడితే మాత్రం ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

భర్తకు కిడ్నీ ఇచ్చిన ప్రతి ఇల్లాలూ బలవంతం మీదనే ఇచ్చిందని అనడం కూడా పొరపాటే. ఎందరో తల్లులు, భార్యలు మనస్ఫూర్తిగా ముందుకు వచ్చి ఇచ్చారు. ఇచ్చినందుకు గర్వపడుతున్నారు. వారి త్యాగాన్ని చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. అడిగినప్పుడు "కాదు" అనగలిగిన మనిషి "సరే" అంటేనే అది దానం. "కాదు" అనే దారి మూసేసి పుచ్చుకున్నది దానం కాదు, వసూలు. ఈ తేడాను ఇంటి పెద్దలు గుర్తించాలి.

చట్టం కూడా ఈ సంగతిని గమనించింది. అవయవ మార్పిడిపై కేంద్రం 1994లో చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 1995లో తన సొంత చట్టం చేసుకున్నది. కేంద్రం 2014లో చేసిన నిబంధనల్లో ఒక ముఖ్యమైన మాట వున్నది. దాత స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త వహించాలని, ఆమె ఇష్టపూర్వకంగానే ఇస్తున్నదని రోగి కాక వేరొకరు నిర్ధారించాలని ఆ నిబంధన చెబుతున్నది. ఢిల్లీలో కూర్చున్నవారికే ఈ అనుమానం వచ్చినప్పుడు అదే ఇంట్లో వుండే అత్తమామలకు, ఆడపడుచులకు, మరుదులకు రాకపోవడం విచారకరం.

అడగవలసిన తీరు

మరి ఎలా అడగాలి? మొదటిది, ఒక్కరిని వేరుచేసి చూడకుండా, వయసు వచ్చి ఆరోగ్యంగా వున్న దగ్గరి బంధువులందరినీ కూర్చోబెట్టాలి. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేక భర్త, పెద్దపిల్లలు ఈ లెక్కలోకి వస్తారు. వదిన, మరిది, కోడలు, అల్లుడు వంటివారు ఇంట్లో ఎంత దగ్గరివారైనా చట్టం దృష్టిలో దగ్గరి బంధువులు కారు. వారు ఇవ్వాలంటే ప్రత్యేక కమిటీ అనుమతి కావాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల ఊసే ఎత్తరాదు.

రెండవది, ఇచ్చేవారికి జరిగేదేమిటో డాక్టరు చేత తెలుగులో, తాపీగా చెప్పించాలి. ఒక్క కిడ్నీతో మనిషి బతకగలడు. మిగిలిన కిడ్నీ కొంత పెరిగి రెండో దాని పనిలో చాలా భాగం అందుకుంటుంది. ప్రపంచంలో మొట్టమొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1954లో అమెరికాలోని బోస్టన్‌లో కవలల మధ్య జరిగింది. అక్కడ కిడ్నీ ఇచ్చిన సోదరుడు ఆ తరువాత 56 ఏళ్లు బతికాడు. దేశంలో 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగింది. అంటే ఇది కొత్తగా, గుడ్డిగా చేసే వైద్యం కాదు.

అలాగని ప్రమాదమే లేదని చెప్పడం మోసం. పెద్ద ఆపరేషన్ అన్నాక ప్రాణాపాయం చాలా అరుదే గాని పూర్తిగా లేకపోలేదు. ఇచ్చినవారు ఏడాదికి ఒకసారైనా రక్తపోటు, మూత్రం, రక్తం పరీక్షలు జీవితాంతం చేయించుకోవాలి. ఇంకా పిల్లలు కావలసిన వయసు ఆడపిల్ల ఇస్తే, ఆ తరువాత కడుపుతో వున్నప్పుడు రక్తపోటు పెరిగే అవకాశం కొంత ఎక్కువ. ఇవన్నీ తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక తలవంచడం వేరు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇవ్వలేనన్నవారిని నిందించరాదు. "నాకేటైనా అయితే పిల్లల్ని ఎవరు సూస్తారు?" అని ఒక తల్లి భయపడితే ఆ భయంలో తప్పేముంది? ఆమె భర్త మీద ప్రేమ లేని మనిషి అయిపోతుందా? ఇంట్లో నోరు విప్పలేనివారు ఆస్పత్రిలో డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతామని అడగవచ్చు. మనసు ఒప్పలేదని చెబితే, కారణం బయటపెట్టకుండా "ఈమె దాతగా తగదు" అని మాత్రమే బంధువులకు చెప్పే డాక్టర్లు వున్నారు. సంతకం చేసిన తరువాత కూడా, ఆపరేషన్ గదిలోకి వెళ్లే నిమిషం వరకు, మనసు మార్చుకునే హక్కు దాతకు వుంటుంది.

ఇంకొక సంగతి. కొందరు రోగులే "నా బిడ్డ కిడ్నీ నాకొద్దు" అని మొండికేస్తారు. వారి మాటనూ వినాలి. పుచ్చుకోవడం కూడా తేలిక కాదు. ఇచ్చినవారి ముఖం చూసినప్పుడల్లా రుణపడిపోయామన్న బాధ చాలామందిని లోలోపల తొలుస్తుంది. ఇచ్చినవారు గాని, చుట్టాలు గాని చీటికీమాటికీ దానిని గుర్తు చేయడం అమానుషం.

ఉద్దానానికి వేరే కష్టం

ఇతర ప్రాంతాలకు లేని చిక్కు ఒకటి ఉద్దానంలో వున్నది. ఒకే ఇంట్లో తండ్రికి, కొడుక్కి, అన్నకు, తమ్ముడికి ఈ జబ్బు వున్న కుటుంబాలు ఇక్కడ కనిపిస్తాయి. ప్రేమతో ఇవ్వడానికి వచ్చిన తమ్ముడికి పరీక్షలు చేస్తే అతని కిడ్నీలు కూడా చెడుతున్నట్టు బయటపడవచ్చు. అది పిడుగులాంటి వార్తే. అయినా ఆ పరీక్ష వల్ల జబ్బు తొలిదశలోనే తెలిసి, అతను జాగ్రత్తపడే వీలు కలుగుతుంది. కనుక పరీక్షకు వెళ్లడానికి భయపడరాదు.

దాత కుదరనప్పుడు దారులు పూర్తిగా మూసుకుపోవు. బ్లడ్ గ్రూపు కలవని రెండు కుటుంబాలు దాతలను మార్చుకొనే పద్ధతికి కేంద్ర చట్టానికి 2011లో జరిగిన సవరణ చోటిచ్చింది. వీలుంటుందో లేదో మార్పిడి చేసే ఆస్పత్రిలోనే అడిగి తెలుసుకోవాలి. మరొకటి జీవన్‌దాన్. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన ఈ పథకం కింద మెదడు చచ్చిపోయినట్టు నిర్ధారించిన వారి అవయవాలను, కుటుంబం ఒప్పుకుంటే, వరుసలో వున్న రోగులకు ఇస్తారు. ఈ నిర్ధారణ ఒక డాక్టరు చేసేది కాదు. నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి చెప్పాలి. కాబట్టి బతికే మనిషిని చంపి అవయవాలు తీస్తారన్న పుకారుకు ఆధారం లేదు.

జాతీయ రహదారి ఈ జిల్లా నడుమ నుంచే పోతున్నది. ప్రమాదాలు జరగని నెల వుండదు. తలకు దెబ్బ తగిలి, మెదడు చచ్చిపోయి, యంత్రం మీద ఊపిరి ఆడుతున్న మనిషి పక్కన నిలబడి అవయవదానం గురించి మొదటిసారి ఆలోచించడం ఏ కుటుంబానికైనా దుర్భరం. ఆ మాటను ముందే, అందరూ బాగున్న రోజునే, ఇంట్లో అనుకోవాలి. కిడ్నీ జబ్బుతో ఇంతగా నలిగిన జిల్లాయే ఇందులో ముందుండాలి. ఊళ్లో ఒక కుటుంబం ఒప్పుకుంటే మరెక్కడో ఒక ఆడపడుచు తన కిడ్నీ ఇవ్వవలసిన అవసరం తప్పుతుంది.

దళారీల మాట నమ్మరాదు

దాత దొరకని ఇంటి గుమ్మంలోకి మొదట వచ్చేది దళారీ. "డబ్బు పెట్టుకోండి, మనిషిని నేను తెస్తాను, కాగితాల మీద బంధువని రాయిస్తాను" అంటాడు. మరో పక్క అప్పులపాలైన కూలివాడికి "ఒక్క కిడ్నీ ఇస్తే నీ అప్పు తీరిపోతుంది" అని ఆశ చూపుతాడు. చట్టం రాక ముందు మద్రాసు శివారు విల్లివాక్కంలో ఎందరో పేదలు కిడ్నీలు అమ్ముకోగా, ఆ పేటకు 'కిడ్నీవాక్కం' అన్న పేరే పడింది. అమ్ముకున్న వారి పేదరికం మాత్రం పోలేదు. ఇటీవలి సంవత్సరాలలో మన రాష్ట్రంలోనూ ఇటువంటి కేసులు బయటపడ్డాయి.

అవయవాన్ని అమ్మడం, కొనడం, బేరం కుదర్చడం మూడూ నేరాలే. కేంద్ర చట్టం ప్రకారం ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా వున్నది. రోగి మీద ప్రేమతోనే చేశామన్నా చట్టం ఒప్పుకోదు. ఇల్లు గడవని మనిషి ఒంట్లోంచి తీసిన దానితో తమ మనిషిని బతికించుకోవడం ప్రేమ అనిపించుకోదు కూడా.

మిగిలినవారు చేయవలసింది

కిడ్నీ ఇవ్వనివారు, ఇవ్వలేనివారు చేయగల పని కొండంత వున్నది. మార్పిడి జరిగేలోగా రోగికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు. రానూపోనూ దారి కలిపితే రోజంతా పోతుంది. ప్రతిసారీ భార్యే వెంట వెళ్లనవసరం లేదు. అన్నదమ్ములు, బావమరుదులు వంతులు వేసుకోవచ్చు. డయాలసిస్ కోసం నరం కలిపిన చేతితో బరువులు ఎత్తనీయరాదు. ఆ చేతికి సూది గుచ్చనీయరాదు, రక్తపోటు చూడనీయరాదు. ఇది చుట్టూ వున్నవారందరికీ తెలిసివుండాలి.

పలకరించడానికి వచ్చే చుట్టాలు ప్రేమకొద్దీ తెచ్చేది తోటలోని కొబ్బరి బోండాం. ఒంటికి చలవ అని తాగమంటారు. డయాలసిస్ మీద వున్న రోగికి అది విషంతో సమానం కావచ్చు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. చెడిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది ఒంట్లో పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం వున్నది. అరటిపండుకూ, పనసతొనకూ ఇదే జాగ్రత్త. ఎండుచేపలు, ఊరగాయల్లోని ఉప్పు దాహాన్ని, వాపును పెంచుతుంది. చేతులు ఊపుకుంటూ వచ్చి, ఒక పూట పనిలో సాయం చేసి వెళ్లే చుట్టమే అసలైన చుట్టం.

జీవన్‌దాన్‌లో పేరు వున్నవారికి ఏ అర్ధరాత్రో ఫోను రావచ్చు. ఆ ఫోను ఎత్తడానికి ఒకరు, వెంటనే బండి కట్టడానికి ఒకరు, పిల్లలను, పశువులను చూసుకోవడానికి ఒకరు ముందే సిద్ధంగా వుండాలి. తీరా వెళ్లాక ఆ కిడ్నీ సరిపోలేదని వెనక్కి పంపడం కూడా జరుగుతుంది. ఆ రోజు రోగికి కావలసింది ధైర్యం చెప్పే మనిషి.

ఆపరేషన్ అయ్యాక మంచాల మీద వుండేది ఇద్దరు. రోగి చుట్టూ పదిమంది చేరతారు. దాతను అడిగే నాథుడు వుండడు. కోత మానేవరకు, అంటే నెల, నెలన్నర పాటు, దాత నీళ్ల బిందె గాని, కట్టెలమోపు గాని ఎత్తరాదు. ఇచ్చినది ఇల్లాలైతే ఆ బిందె ఎవరు మోయాలి? ఆడపడుచో, తోడికోడలో మోయాలనేది పాత మాట. ఇంటి మగవారు మోస్తే తప్పేమీ లేదు. ఆమె కోల్పోయిన కూలిని ఇంటివారు, బంధువులు ముందే లెక్కకట్టి పక్కన పెట్టాలి. డ్వాక్రా సంఘంలో ఆమె వాయిదాలను తోటి సభ్యులు కొన్నాళ్లు సర్దుబాటు చేసుకోవచ్చు. ఏడాది పరీక్షకు రోగితో పాటు దాతను కూడా తీసుకెళ్లాలి. రోగి పరీక్షలకు దొరికే డబ్బు దాత పరీక్ష దగ్గరికి వచ్చేసరికి దొరకకపోవడం అన్యాయం.

రోగి సంగతికి వస్తే, మార్పిడితో వైద్యం అయిపోదు. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదిగా తలచి తిప్పికొట్టకుండా రోజూ వేళకు మాత్రలు వేసుకోవాలి. ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ మానరాదు. "బాగానే వున్నాను కదా" అని నాలుగు రోజులు మానితే భార్యో తల్లో ఇచ్చిన కిడ్నీ పాడైపోవచ్చు. పసరు మందులు, ఒళ్లు నొప్పుల మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. జ్వరం వస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. మొదటి నెలల్లో జాతరలకు, పెళ్లిళ్ల గుంపులకు దూరంగా వుండాలి. పిలిచినవారు కూడా రాలేదని అలగరాదు.

ఖర్చు మాటకు వస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకం పేదలకు అండగా వున్నది. ఏ ఆపరేషన్, ఏ మందులు, ఎన్నాళ్లు ఉచితమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడిగి రాసుకోవాలి. ఆ గడువు తీరిన తరువాత మందుల ఖర్చు ఎలా అన్నది ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. ఉన్న ఎకరం అమ్మి ఆపరేషన్ చేయించి, ఆపైన మాత్రలకు డబ్బు లేక కిడ్నీ పోగొట్టుకోవడం కన్నా ఘోరం లేదు.

ప్రభుత్వం చేయవలసింది కూడా వున్నది. కేవలం రోగికే గాక, దాతకు కోలుకునే కాలంలో కూలి పరిహారం, జీవితాంతం ఉచిత వార్షిక పరీక్ష దగ్గరలోని ఆస్పత్రిలోనే అందేలా చూడాలి. దాతతో బంధువులెవరూ లేకుండా ఒంటరిగా, ఆమె మాట్లాడే తెలుగులో మాట్లాడే ఏర్పాటు ప్రతి మార్పిడి ఆస్పత్రిలోనూ ఖచ్చితంగా అమలు కావాలి. ఇవి కోట్లు అవసరమయ్యే పనులు కావు.

వీటికి ముందు, ప్రతి ఇంట్లోనూ మొదలు కావలసిన పని ఒకటి వున్నది. డాక్టరు ఆ ప్రశ్న అడిగినప్పుడు చూపులన్నీ ఒక్క మనిషి మీదికి మళ్లకుండా, ఇంట్లోని ప్రతి ఒక్కరూ ముందు తమను తాము చూసుకోవాలి. "నేను ఏమి ఇవ్వగలను? కిడ్నీ ఇవ్వలేకపోతే నా సమయం ఇవ్వగలనా, నా కూలి ఇవ్వగలనా, ఆ బిందె నేను మోయగలనా?" అని ప్రశ్నించుకోవాలి. అప్పుడే ఆ మూల నిలబడిన ఇల్లాలు తల ఎత్తి, అవుననో కాదనో, తన మాట తాను చెప్పగలుగుతుంది.